ఒక్క ఆకు దూరం

కరోనా రెండో ఏడు. అడాజన్‌లోని మా ఫ్లాట్‌లో హాలుకూ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే ఉద్యోగం చేశాను. వైరస్ నమూనాల్లో ఏది దేనికి దగ్గరో చెట్టులా గీయడం మా పని. మార్పులు ఒకదాని నుంచి ఒకటి ఎలా వచ్చాయో చూపే చెట్టు మా సారుది. పోలికలను బట్టి గుంపులు కట్టే చెట్టు నాది. ఒక చెట్టులో ఉండి రెండో దానిలో లేని గుంపులెన్నో లెక్కిస్తే, అదే రెండింటి మధ్య దూరం. అది తక్కువ వస్తేనే నా చెట్టు నివేదికలో ఉంటుంది.

ఆ దూరం ఎంత ఎక్కువ రాగలదో అంతా వచ్చింది.

వీడియో మీటింగులో సారు అందరి ముందూ అన్నాడు: "ఏందమ్మా ఇది? ఒక్క గుంపన్న కలుస్తలేదు. చెట్టు గీయమంటే ముగ్గేసినవా?" నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

సాయంత్రం మా ఆయన హజీరా ప్లాంటు నుంచి వచ్చి మాస్కు తీస్తూ, "వదిలెయ్యవే. డుమస్ బీచి ఎట్లాగూ బంద్, జర టెర్రస్ మీదికన్న పోదాం పా" అన్నాడు. అంత మాట పడ్డాక టెర్రసేమిటి?

మర్నాడు రెండు చెట్లనూ పక్కపక్కన పెట్టాను. ఒక్క నమూనా నా దానిలో ఈ చివర, సారు దానిలో ఆ చివర. మా చెట్లు నిచ్చెనలా పొడుగ్గా వస్తాయి. ఒక ఆకు, అంటే ఒక నమూనా, అటు చివరికి పోతే దారిలోని ప్రతి గుంపులోనూ ఒకటి తేడా పడుతుంది. ఒకటి తేడా పడినా ఆ కొలతకు అది వేరే గుంపే. మిగతా ఆకులేవీ కదలకపోయినా అన్నీ వేరంటుంది. ఆ నమూనాలో సగం జన్యు అక్షరాలు చదవడానికే రాలేదు. మొదట్లోనే తీసేద్దామన్నాను. "కష్టపడి తెచ్చిన్రు, పారేస్తవా?" అన్నది సారే.

దాన్ని రెండు చెట్లలోంచీ తీసి మళ్లీ కొలిచాను. సున్నా.

తర్వాతి మీటింగులో అదే చూపించాను. సారు అన్నాడు: "మంచిగుంది. ఆ నమూనా తీసేద్దాం. నేను అప్పుడే అనుకున్న."

"అనుకోలేదు సార్, ఉంచమన్నారు. నేను ముగ్గేశానన్నారు."

"అరె, గదింకా యాదికున్నదా నీకు?"

"ఉంది సార్."

"సరే, నీ చెట్టు నివేదికల ఉంటది" అని ఇంకో విషయానికి వెళ్లిపోయాడు. ముగ్గు మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజు మా ఆయనకు సెలవు. టెర్రస్ తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇప్పుడన్న వస్తవా?" అన్నాడు.

ఒక్క నిమిషం ఆగమని, ఆనాడు నవ్విన వాళ్లందరికీ, ఒక్కొక్కరికీ విడిగా, ఆ సున్నా ఉన్న పేజీ పంపాను.