దుంగ పక్కన మూడు గిట్టలు

చిన్నప్పుడు శ్మశానం పక్క దారిలోనే బడికి వెళ్లినవాణ్ణి నేను. చచ్చినవాళ్లు తిరిగొస్తారని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొన్నాళ్లకు, ఆ దగ్గర్లోనే ఒక జూ వాళ్ల పెంపక కేంద్రంలో నాకు పని దొరికింది. సందర్శకులు రాని చోటు. అక్కడ పెంచేవి మూషిక జింకలు. గిట్టలున్న జంతువే గానీ కుందేలుకంటే పెద్దగా ఉండదు. కొమ్ములుండవు, ఒంటి నిండా తెల్ల మచ్చలు. అడవుల్లో తగ్గిపోతున్నాయని, ఇక్కడ పిల్లలు పుట్టించి మళ్లీ అడవిలో వదలాలని ఆ కేంద్రం పెట్టారు. బెదిరితే అవి వెనక కాళ్లతో నేలను టపటపా కొడతాయి. తలమీదుగా విమానం పోయిందంటే ఆవరణలన్నిటా అదే చప్పుడు.

మొదట ఈనింది పోశి. ఆ పేరు పెట్టింది నాతో పనిచేసే యాదమ్మ, తుక్కుగూడ మనిషి. ఈ జాతి తల్లి జింక, పిల్లను ఒకచోట దాచి తాను దూరంగా ఉంటుంది. ఎవరూ లేనప్పుడు వచ్చి, ఒక వెనక కాలు పైకెత్తి నిలబడి, పాలిచ్చి వెళ్లిపోతుంది. ఈ సంగతి మాకు ముందే చెప్పారు. అయినా నేను ఇనుప జాలీ దగ్గరే కూర్చున్నాను. కేంద్రంలో పుట్టిన మొదటి పిల్ల నా చేతుల మీద బతికిందని అందరూ చెప్పుకోవాలని నా ఆశ.

"నువ్వు గీడనే కూసుంటే అది ఎట్లొస్తదన్నా? నీ మొకం జూస్తే దానికి పాలు ఎండుతయ్" అంది యాదమ్మ.

నేను లేవలేదు. సాయంత్రానికి, తల్లి ఇక రాదనుకుని, అది దాచిన తొర్ర దుంగలోంచి పిల్లను బయటికి తీసి సీసాతో పాలు పట్టాను. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చచ్చిపోయింది. కేంద్రంలోని పశువుల డాక్టరు గారు అడిగితే, "తల్లే పిల్లను దగ్గరికి రానియ్యలే సార్" అన్నాను. యాదమ్మ నా వైపు చూసింది.

ఆ ఒక్క మాటతో పోశి పిల్లల్ని సాకని తల్లి అయిపోయింది. మగదానితో కలపడం మానేసి పక్క ఆవరణలో ఒంటరిగా ఉంచారు. జాలీ అవతలి నుంచి ఆ దుంగ వైపు చూస్తూ, విమానం లేకపోయినా నేలను కొట్టేది. ఎండలు ముదరకముందే చచ్చిపోయింది. గొయ్యి నేనే తవ్వాను. ఏడుపు రాలేదు. ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

ఆ వానాకాలం దుంగ ఉన్న ఆవరణలో ఇంకో ఆడది ఈని, జ్వరం పట్టి చచ్చిపోయింది. దాని పిల్ల కూడా ఆ దుంగలోనే ఉంది. చుక్కలుగా పోసినా పాలు మింగలేదు. పట్టుకుంటే బిగుసుకుపోయేది. పాత డాక్టరు గారు బదిలీ అయ్యారు. కొత్తాయన కోస్తా మనిషి. "ముట్టుకుంటే భయానికే పోతుంది. దాని చోట వదిలేయండి. పొద్దుటికి ఉండదు లెండి" అన్నారు.

ఆ ఆవరణలో మిగిలింది ఒక్క మగది. ఆడవన్నీ అవతలి వరుసలో, తాళాల వెనక. పోశి ఉన్న పక్క ఆవరణ ఖాళీ. దుంగ చుట్టూ నేల చదును చేసి, నీళ్లు చల్లి వచ్చేశాను. ఈసారి కాపలా కూర్చోలేదు. తెలివొచ్చి కాదు, చూడలేక.

పొద్దున్నే యాదమ్మ కేకేసింది.

"అన్నా, జర ఇటు రా! పిల్ల కడుపు డప్పు లెక్కుంది. మల్ల సీసా వట్టినవా ఏంది?"

"లే యాదమ్మా. నేను గీ దిక్కే రాలే."

పిల్ల మూతికి పాల నురగ ఉంది. డాక్టరు గారు మగదాన్ని కూడా పట్టించి చూశారు. "ఏమయ్యా, దీనికి పాలొస్తున్నాయని పేపరు వాళ్లకు చెబుదామా?" అని నవ్వారు. తర్వాత ఆడవాటన్నిటినీ చూశారు. ఒక్కదానికీ పాలు లేవు. తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇక నవ్వలేదాయన.

దుంగ పక్కన తడిమట్టిలో గిట్టల గుర్తులున్నాయి. ముందువి రెండు, వెనకది ఒకటి. నాలుగోది లేదు. అక్కడికి వచ్చిన జాడ లేదు, వెళ్లిన జాడ లేదు. మగదాని అడుగులు అవతలి మూలనే ఆగిపోయాయి. యాదమ్మ చెప్పులు విడిచి, కొంగు తలమీదికి లాక్కుంది.

"పోశి" అంది. అంతే.

మర్నాడూ పిల్ల కడుపు నిండే ఉంది. డాక్టరు గారు కెమెరా పెడదామన్నారు. వద్దని బతిమాలాను. ఎందుకని అడిగితే చెప్పేశాను.

"మనం చూస్తుంటే రాదు సార్. పోశి పిల్లను ఇడువలే. నేనే అడ్డం కూసున్న. అబద్ధం జెప్పిన."

"ఏ పోశి?" అన్నారాయన.

ఆయన వచ్చేసరికే పోశి లేదు. కెమెరా మాత్రం పెట్టలేదు.

పిల్ల బతికింది. ఆకులు కొరకడం మొదలుపెట్టేదాకా దాని కడుపు ఒక్కరోజూ ఖాళీగా లేదు. తర్వాత అదీ ఈనింది. దాని పిల్ల వైపు నేను తొంగి కూడా చూడలేదు.

ఆ పాలు ఎక్కడివో డాక్టరు గారికి అంతుపట్టలేదు. నాకూ ఇప్పటికీ తెలియదు. ఆ దుంగ దగ్గరికి ఎవరొచ్చారంటే చెప్పలేను. తల్లే పిల్లను రానివ్వలేదని ఒకప్పుడు చెప్పింది మాత్రం నేనే.