ఏ ద్రాక్షారసం?

"దీంట్ల ఏమేసిన్రు?" అని అక్క అడిగేసరికి చెంచా ఇంకా ఆమె నోటిదాకా రాలేదు. ప్లేటు మీదికి వంగి, వాసన చూసి, నా వైపు తిరిగింది. నా భార్య గిన్నె మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముందే సిద్ధం చేసి పెట్టుకున్న మాటను నేను బయటికి తీశాను. "ద్రాక్షారసం అక్కా." అక్క చెంచా కింద పెట్టింది. "ఏ ద్రాక్షారసం రా? చర్చిలదా, దుకాణందా?"

ఇది జరిగి నేటికి మూడు వారాలు. ఇవాళ పొద్దున మా ఆవిడ వంటింటి గోడ మీద అతికించిన కాగితాన్ని చింపబోతుంటే ఆపాను. అది నా చేతిరాత. అంతకుముందు ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఆవిడకు ఒక ఫ్రెంచి వంటల పుస్తకం దొరికింది. అందులో కోడిపుంజును ఎర్ర వైన్‌లో గంటల తరబడి ఉడికించే కోకోవాన్ అనే వంటకం బొమ్మ చూసి, ఇది చేయాల్సిందే అని పట్టుబట్టింది. అద్దాలు లేకుండా చదువుకునేలా పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిమ్మంది. పత్రిక డెస్కు మీద ముప్పై ఏళ్లు ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసినవాణ్ణి, వంటకం నాకొక లెక్కా అనుకున్నాను. చిన్న ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, వెన్న దాకా కలం బాగానే నడిచింది. తర్వాతి వరుసలో ఒక సీసా రెడ్ వైన్ అని ఉంది. అక్కడ ఆగింది.

మా అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అక్కే పెంచింది. మిషను బడిలో టీచరు. బావ మంచివాడే, సాయంత్రం సీసా తీసేదాకా. చివరికి నెల రోజులు దవాఖానలో ఉండి, పసుపుపచ్చగా మారి చనిపోయాడు. అప్పటినుంచి మందు వాసన తగిలిన ఇంట్లో అక్క మంచినీళ్లు కూడా ముట్టదు. మా చిన్నాన్న కొడుకు ఇంట్లో పెళ్లివిందు జరుగుతుండగా పెరట్లోంచి ఆ వాసన వస్తే విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఆ ఇల్లు నాంపల్లిలోనే, ఆమె ఇంటికి రెండు సందుల అవతల. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మా ఇంటికి మాత్రం ప్రతి ఆదివారం చర్చి వదలగానే అన్నానికి వస్తుంది.

మా చర్చిలో ప్రభు సంస్కారమప్పుడు రొట్టెతో పాటు నల్లద్రాక్ష ఉడకబెట్టి తీసిన రసం ఇస్తారు. అందులో మత్తుండదు. దాన్ని ద్రాక్షారసం అంటాం. వైన్‌ను కూడా మా తెలుగులో ద్రాక్షారసమనే అంటాం. కాగితం మీద ఆ మాటే రాసి, డెస్కు మనిషిగా కాస్త గర్వపడ్డాను కూడా. మాటలో తప్పు లేదు కదా.

"వదినెకు ముందుగాల చెప్దాం," అంది మా ఆవిడ.

"ఉడికితే మత్తంతా ఆవిరైపోతది. చెప్పుడెందుకు?"

"ఆవిరైపోయేదానికి చెప్పనీకి ఏం భయం?"

నేను చెప్పులేసుకున్నాను. ఆబిడ్స్‌కు బయలుదేరాను. బోర్డు మీద వైన్స్ అని రాసుకున్న దుకాణంలో వైన్ అడిగితే కౌంటర్ మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "వైనా? మేడమ్‌కా సార్?" అని లోపలికెళ్లి దుమ్ము తుడుస్తూ ఒక సీసా తెచ్చాడు. చర్చివాళ్లెవరైనా చూస్తారేమోనని దాన్ని నేను పనిచేసిన పత్రికలోనే చుట్టి చంకలో పెట్టుకున్నాను.

శనివారమే నానబెట్టిన పుంజు ఆదివారానికి వంకాయ రంగుకు తిరిగింది. మూడు గంటలు ఉడికింది. వాసన మెట్ల దాకా పాకింది. అది పోవాలని పెనం మీద కాఫీపొడి వేయించాను. దాంతో ఇంట్లో రెండు వాసనలయ్యాయి. మెట్ల మీద అక్క చెప్పుల చప్పుడు వినిపించగానే మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు.

చర్చిలదా, దుకాణందా అని అడిగి అక్క నా జవాబు కోసం చూస్తోంది. చర్చిదని ఒక్క మాట అంటే సరిపోయేది.

"దుకాణంది," అన్నాను.

"వదినా, నేను ముందే చెప్దామన్న, ఈయననే..." అని మా ఆవిడ మొదలుపెట్టింది. అక్క చెయ్యెత్తి ఆపింది.

"అబద్ధం గూడ చదువుకున్నోని లెక్క చెప్తవ్ రా నువ్వు," అంది నాతో. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. తర్వాత మా ఆవిడతో, "ఎంతసేపు ఉడికింది పిల్లా?" అంది.

"మూడు గంటలు వదినా."

"మీ అన్నకు పుంజు కూరంటే పానం," అని బావను తలుచుకుంటూ ప్లేటు వంక చూసింది. "డబ్బాల పెట్టియ్యి. ఇంటికి తీస్కపోత."

మా ఆవిడ స్టీలు డబ్బాలో సర్దింది. సందు చివర దాకా నేను వెంట నడిచాను. అక్క ఆటోలో డబ్బాను ఒళ్లో పెట్టుకుని, "పో, నీ అన్నం చల్లారుతది," అంది, నా వైపు చూడకుండా.

తర్వాతి ఆదివారం మోకాళ్ల నొప్పి అని ఫోన్ చేసింది. ఆ పై ఆదివారమూ అదే నొప్పి. మొన్న బుధవారం పక్కింటామెతో డబ్బా పంపింది. తళతళలాడేలా తోమి ఉంది. తిన్నదో పారబోసిందో పక్కింటామెకు తెలియదు. ఫోన్‌లో అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఇవాళ మళ్లీ ఆదివారం. చర్చి వదిలి గంట దాటింది. మేమింకా అన్నానికి కూర్చోలేదు.