ఎర్ర కార్లు వెనకబడ్డ ఏడు

కొత్త బేరింగుకి చుట్టిన నూనె కాగితం విప్పగానే గుప్పున ఒక వాసన వస్తుంది. దెబ్బతిన్న బండ్లని చూసి నష్టమెంతో బీమా కంపెనీకి చెప్పే ఉద్యోగం నాది కాబట్టి ఉయ్యూరులోనో బందరులోనో ఏదో ఒక షెడ్డులో ఆ వాసన తగులుతూనే ఉంటుంది. తగిలినప్పుడల్లా గుడివాడలో మా పెదనాన్న ఇంటి ముందుగది, ఆదివారం సాయంత్రాలు, అల్లం పచ్చడితో వేడివేడి పునుగులు, కందిరీగల తుట్టె కదిలినట్టు టీవీలోంచి వచ్చే కార్ల రొద, అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి. వాటి వెనకే మా శిరీషక్క గుర్తొస్తుంది.

మాది దివిసీమలో, హంసలదీవికి వెళ్ళే దారిలో చిన్న ఊరు. అక్కడ నాకు చదువు అబ్బడం లేదని ఆరో తరగతికి తెచ్చి పెదనాన్న దగ్గర పెట్టారు. ఆయనకి ట్రాక్టరు సామాన్ల కొట్టుండేది. ఎంత తోముకున్నా గోళ్ళ సందుల్లో గ్రీజు నల్లగా మిగిలిపోయే చేతులు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, గొంతు పెంచకుండా మాట్లాడే అలవాటు. శిరీషక్క ఆయనకి ఒక్కతే కూతురు, నాకంటే రెండు తరగతులు పైన. ఏ పరీక్షలో చూసినా క్లాసులో ఫస్టే.

ఇంటికి కేబుల్ వచ్చిన కొత్తలో పెదనాన్నకి కార్ల పందాల పిచ్చి పట్టుకుంది. ఆ ఇంగ్లీషు ఆయనకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, జట్ల పేర్లు మాకెవరికీ నోరు తిరిగేవి కాదు, అందుకని ఎర్ర కార్లు, వెండి కార్లు, పచ్చ కార్లు అని రంగులతోనే పిలుచుకునేవాళ్ళం. మా ఊరి నుంచి ముంజకాయల గెలలు దిగకముందే మొదలైన పందాలు, ఎండలు పోయి, వానలు పడి, దసరా వెళ్ళి, నాగులచవితి చలిమిడి తిన్నాక, తేగలు ఉడకబెట్టుకునే వేళకి ముగిసేవి. గెలిచినవాణ్ణి చూసి పెదనాన్న ఏనాడూ ముచ్చటపడలేదు. "ముందొచ్చినోడిదేముందిరా? కిందటేటికీ ఈ ఏటికీ ఎంత జరిగాడో చూడాలి" అనేవాడు. ఏ జట్టు పోయినేడు ఎక్కడుందో, ఇప్పుడు ఎక్కడికొచ్చిందో ఆయనకి నోటికే వచ్చు. చిట్టచివర ఈడ్చుకొచ్చే పచ్చ కార్లు మధ్యలోకి వస్తే తొడ చరిచేవాడు. ఎర్ర కార్లు గెలిస్తే పునుగు నోట్లో వేసుకుని ఊరుకునేవాడు.

ఇంట్లో మమ్మల్నీ ఆ లెక్కనే చూసేవాడు. మార్కులు రాగానే, కిందటేటి కంటే మెరుగుపడినవాళ్ళకి సోఫాలో ఆయన పక్కన చోటు, ముందు వాయి పునుగులు. పడనివాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి వడ్డించాలి. అత్తెసరు మార్కుల నుంచి లేచిన నాకు ఆ చోటు తేలిగ్గా దొరికింది. ఫస్టులో ఉన్న అక్క ఇంకెక్కడికి జరుగుతుంది? వేసవిలో నేను కూర్చుని తింటుంటే ఆమె నిలబడి ముంజల పొట్టు తీసి ఒక్కొక్కటీ నా పళ్ళెంలో పెట్టేది. కొట్టు బేరగాళ్ళెవరైనా ఇంటికొస్తే పెదనాన్న మమ్మల్నిద్దర్నీ చూపించి, వీడు లేస్తున్నాడండీ, ఇది కదలడం లేదు అని నవ్వేవాడు. "క్లాసులో ఫస్టే కదండీ" అని అక్క వాళ్ళమ్మ, మా దొడ్డమ్మ, ఒక్కసారి అంది. ఆ సాయంత్రం ఆవిడని కూడా గుమ్మం దగ్గరే నిలబెట్టాడు. ఆ తరవాత ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఒక ఏడు ఎర్ర కార్లు పాడైపోయాయి. కొత్తగా చేసిన బండి కుదరక ఏడాది పొడుగునా పచ్చ కార్ల వెనక పొగ మింగాయి. పై ఏడు మొదటి పందెంలోనే అవే ఎర్ర కార్లు అందర్నీ దాటుకుని గెలిచేసరికి పెదనాన్న సోఫాలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పక్కిళ్ళకి బందరు లడ్డూ పంచిపెట్టాడు. గుమ్మంలో పళ్ళెం పట్టుకున్న అక్క ఆయన మొహాన్నే చూస్తూ ఉండిపోయింది.

అక్క తొమ్మిదో తరగతి పెద్ద పరీక్షలు ఆ నెలలోనే. డాబా మీద గుమ్మడి వడియాలకి కాపలా కూర్చున్నప్పుడు నాతో చెప్పింది, లెక్కల పేపరు కావాలనే సగం రాసి వచ్చేశానని. ఈసారి తిట్లు ఎటూ తప్పవు, పదిలో మళ్ళీ ఫస్టు వస్తే ఎంత పైకి వచ్చినట్టో ఆలోచించమంది. "పై ఏడు చూడరా, నాన్న లేచి నిలబడతాడు" అంది. ఆ వేసవంతా ఆమె కూనిరాగాలు తీస్తూనే ఉంది.

మార్కులు వచ్చినప్పుడు పెదనాన్న తిట్టలేదు, గుమ్మం దగ్గర నిలబడమని కూడా అనలేదు. జూన్‌లో బడి తెరిచిన రోజు అక్క జడలు వేసుకుని, యూనిఫాం తొడుక్కుని వస్తే, బట్టలు మార్చుకుని కొట్టుకి రమ్మన్నాడు. మర్నాడూ అంతే, ఆ వారమంతా అంతే. నేను ఉండబట్టలేక బడి నుంచి నేరుగా కొట్టుకెళ్ళి, అక్క కావాలనే రాయలేదని, అన్నీ వచ్చని చెప్పేశాను. ఆయన ఒక బేరింగు కాగితం విప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

"తెలుసురా. మాస్టారు పేపరు చూపించాడు. రాయలేక వదిలేసుంటే ఇంకో ఏడు చూసేవాణ్ణి. రాయగలిగీ వదిలేసింది. నాతో ఆటలాడింది."

అక్క బల్ల వెనక నేల మీద కూర్చుని బోల్టులు సైజుల వారీగా వేరు చేస్తోంది. అన్నీ విన్నది. చేతిలో బోల్టు దాని డబ్బాలో వేసి, ఇంకోటి తీసుకుంది. ఆ ఆదివారం పచ్చ కార్లు ఇంకో మెట్టు ఎక్కాయి. పెదనాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు, అక్క పునుగులు తెచ్చి పెట్టింది. నేను తిన్నాను.

ఆమె మళ్ళీ బడి గడప తొక్కలేదు. పెళ్ళై బందరు వెళ్ళేదాకా ఆ కొట్లోనే ఉంది. పెదనాన్న పోయాడు, ఆ వెనకే దొడ్డమ్మ. కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ముందుగది రోడ్డు వెడల్పులో పోయింది. మా ఇళ్ళల్లో ఇప్పుడు కార్ల పందాలు చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఆదివారం అందరూ ఒక్కచోట చేరడమన్నదే లేదు.

పోయిన నెల బందరు పని మీద వెళ్ళి అక్క ఇంట్లో భోజనానికి ఆగాను. చందువా చేప ముక్కలకి కారం పట్టిస్తుంటే ఆమె ఫోన్ మోగింది. ఏడో తరగతి చదివే వాళ్ళమ్మాయి మార్కులు, బడివాళ్ళు పంపారు. అక్క మోచేత్తో జుట్టు వెనక్కి నెట్టుకుని, శుభ్రంగా ఉన్న ఒక్క వేలితో ఆ మెసేజి తెరవకుండానే తీసేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎప్పుడూ అంతేనని, మంచి మార్కులొచ్చినా, రాకపోయినా ఏమీ అనదని ఆ పిల్ల నాకు చెప్పింది. పెనం మీద చేప చుయ్‌మనేదాకా ఆగి, నా పక్కకి జరిగి కూర్చుంది.

"నేను ఫస్టొచ్చాను మావయ్యా" అంది, వంటింట్లోకి వినపడకుండా.