తిరగలి బడి

మా అమ్మాయిని బడి మాన్పించింది నేను కాదు, ఒక ఊయల. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మా బంధువులు నమ్మరు. "పంతులుతో నీకు పడలేదు, అందుకే మాన్పించినావు" అంటారు. పడని మాట నిజమే. నాకు చాలామందితో పడదు. అంతమాత్రానికే మనుషుల్ని ఇంట్లో కూర్చోబెట్టుకునేదాన్నైతే ముందు మా ఆయన్ని కూర్చోబెట్టుకునేదాన్ని. ఆయన పైఅధికారితో కూడా నాకు పడదు.

అప్పుడు మేము గిద్దలూరులో ఉన్నాము. మా ఆయన అడవి శాఖలో రేంజరు. నెలలో సగం రోజులు నల్లమలలో క్యాంపు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, మాకున్న ఒక్క కూతురు. దానికి అప్పుడు తొమ్మిదేళ్ళు. బడిలో ఏం నేర్చుకుంటోందో చూద్దామని ఒక సాయంత్రం పిలిచి, "ఏదీ, ఈరోజు చెప్పిన పాఠం చూపించు" అన్నాను. పిల్ల నా చీర కొంగు పట్టుకుని జో కొడుతూ ఊపడం మొదలుపెట్టింది.

ఆరా తీస్తే సంగతి తెలిసింది. మగపిల్లలు లెక్కలు చేసేవేళ ఆడపిల్లలు వంతులేసుకుని పంతులుగారి చంటిబిడ్డను ఊపాలి. మా అమ్మాయి ఊపితే బిడ్డ తొందరగా నిద్రపోతాడట. అందుకని వంతు తిరిగి తిరిగి దీని దగ్గరికే వస్తోందట.

"క్లాసులో నేనే ఫస్టమ్మా" అంది గర్వంగా.

మర్నాడు పొద్దున్నే బడికి పోయినాను. పంతులుగారు నెమ్మదైన మనిషి. "ఆడపిల్లకు రేపు పనికొచ్చే విద్యే కదమ్మా" అన్నారు.

"ఈ రోజు మీకు పనికొస్తోంది కదా అయ్యగారూ. దానికి రేపు పనికొచ్చే సంగతి నేను రేపు చూసుకుంటాలెండి" అని పలకను, సంచీని, పిల్లను తీసుకుని ఇంటికొచ్చేసినాను.

ఇంట్లో అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. మా అత్తమ్మ కూతురు, అంటే మా ఆడబిడ్డ, నంద్యాలలో కాపురం. వాళ్ళింటి పక్కనే పెద్ద బడి. పిల్లను అక్కడ పెట్టాలని అత్తమ్మ పట్టు. "మేనత్త కంటే కావలసినవాళ్ళు ఎవరున్నారు? నీ దగ్గరుంటే ఏం నేర్చుకుంటది? నీ మాదిరి ఎదురు మాట్లాడేది నేర్చుకుంటది" అంది.

"మద్రాసులో బి.ఏ. చదివినదాన్ని అత్తమ్మా. ఎక్కాలు చెప్పలేనా?"

"అంత చదువు చదివి ఇంట్లో చింతపండు పిసుకుతున్నావు. చెప్పగలిగినదానివైతే ఈపాటికి చెప్పవా?"

ఆ దెబ్బకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. అట్లాంటివి నా జీవితంలో తక్కువ.

క్యాంపు నుంచి వచ్చి మా ఆయన తీర్పు చెప్పినారు. ఆయనకు చిన్నప్పుడు చదువు చెప్పిన మాస్టారు ఒకాయన హెడ్మాస్టరుగా రిటైరై మార్కాపురంలో ఉంటున్నారు. "ఎండాకాలం దాకా నువ్వే చెప్పు. ఆ తర్వాత పిల్లను తీసుకుపోయి మాస్టారికి చూపిద్దాం. ఆయన బాగుందంటే ఇంట్లోనే చదువుతుంది. లేదంటే నంద్యాల. ఎవరూ మళ్ళీ మాట్లాడకూడదు."

ఎవరూ అన్నది నన్ను ఉద్దేశించి అన్నారు.

ఆ రాత్రి పిల్ల నా పక్కన పడుకుని అడిగింది. "అమ్మా, నంద్యాలలో రైలు దిగినాక, మనకు ఇష్టం లేకపోతే అదే రైలెక్కి వెనక్కి రానిస్తారా?"

రానియ్యరని చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే పాఠాలు మొదలుపెట్టినాను.

పిల్లలకు ఇంట్లో చదువు చెప్పుకోవడంలో ఉన్న లాభాలు ఆ కొన్ని నెలల్లో నేను కళ్ళారా చూసినాను. గట్టిగానే చెపుతాను, కాదనేవాళ్ళు వచ్చి నాతో వాదించవచ్చు. బడిలో భూగోళమంటే గోడకు వేలాడే గుడ్డ. మా ఇంట్లో భూగోళమంటే నాయన ఈ రోజు ఏ అడవిలో ఉన్నాడు, ఏ దారిన పోయినాడు, దారిలో వాగు ఉందా లేదా. వంటింటి గోడ మీద బొగ్గుతో నల్లమల గీసింది పిల్ల. సున్నం గోడ పాడైందని అత్తమ్మ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. అది కూడా లాభాల్లోనే లెక్క. భిన్నాలు జొన్నరొట్టెతో చెప్పినాను. మూడోవంతు అంటే ఏందో రొట్టె అవ్వతోనూ నాతోనూ పంచుకునే పిల్లకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. తక్కువొస్తే ఏడ్చి మరీ నేర్చుకుంటుంది. గాజుల దుకాణం బీబమ్మ దగ్గర కూర్చుంటే ఏక్ దో తీన్ దానంతటదే వచ్చింది. అన్నిటికంటే పెద్ద లాభం ఒకటుంది. "ఎందుకు" అని అడిగినందుకు మా ఇంట్లో బెంచీ ఎక్కించేవాళ్ళు లేరు. మా ఇంట్లో బెంచీయే లేదు.

ఒక్క ఎక్కాల దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. పలక ముందుపెట్టి కూర్చోబెడితే పిల్ల కాలు ఊపుతుంది, జడ కొరుకుతుంది, బల్లిని చూస్తుంది. ఏడో ఎక్కం దాటలేదు. నాకు గొంతు పోతోంది గానీ దానికి ఎక్కం రావడం లేదు.

అట్లా ఉండగా ఒకరోజు పనిమనిషి రాలేదు. తిరగలికి రెండో చెయ్యి లేక అత్తమ్మ పిల్లను పిలిచింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పిడి పట్టుకుని జొన్నలు విసురుతున్నారు. పాఠం వదిలిపెట్టే గుణం నాకు లేదు కాబట్టి గడప దగ్గర నిలబడి, "ఎనిమిదో ఎక్కం చెప్పు" అన్నాను. పిల్ల తిప్పుకు ఒకటి చొప్పున చెప్పడం మొదలుపెట్టింది. ఎనిమిదొకట్ల ఎనిమిది, ఒక తిప్పు. ఎనిమిది రెళ్ళు పదహారు, ఇంకో తిప్పు. పదులు చెప్పేసరికి రాయి నోట్లో గింజలు అయిపోయినాయి. అత్తమ్మ గుప్పెడు పోసింది. మళ్ళీ ఒకట్ల నుంచి. జొన్నలు అయిపోయేసరికి ఎనిమిదో ఎక్కం వచ్చేసింది.

ఇంక అదే మా పద్ధతి అయింది. ఎక్కానికి ఒక గుప్పెడు. అత్తమ్మకు ఎక్కాలతో పని లేదు, పదులతోనే పని. "తొందరగా పదులు చెప్పవే, రాయి వట్టిగా తిరుగుతోంది" అని పిల్లను తొందరపెట్టేది. పైగా నన్ను ఒక మాట పొడిచింది. "అక్కడ ఊయల ఊపితే తప్పయింది. ఇక్కడ తిరగలి తిప్పితే చదువైందా?"

"అక్కడ పిల్లోడు నిద్రపోయేవాడు అత్తమ్మా, అంతే. ఇక్కడ పిండీ వస్తోంది, ఎక్కమూ వస్తోంది" అన్నాను. అత్తమ్మ మూతి తిప్పుకుంది గానీ తిరగలి తిప్పడం ఆపలేదు.

ఎండాకాలం వచ్చింది. ఇరవయ్యో ఎక్కం కూడా వచ్చింది. నలుగురమూ రైలెక్కి మార్కాపురం పోయినాము. అత్తమ్మ ఎందుకు వస్తోందంటే, చెన్నకేశవస్వామిని చూసుకోవడానికని చెప్పింది. నా ఓటమి చూడటానికని నాకు తెలుసు. మార్కాపురం స్టేషను ఒకచోట, ఊరు ఒకచోట. జట్కాలో కుదుపులకు పిల్లకు నేర్పినవన్నీ రాలిపోతాయేమోనని నాకు భయం. దారి పొడుగునా పలకరాళ్ళ కుప్పలు చూసి పిల్ల నోరు తెరిచింది. "అమ్మా, ఇన్ని పలకలా! ఈ ఊరి పిల్లలు ఎంత పాపం చేసుకున్నారో!"

మాస్టారు వసారాలో పడక్కుర్చీలో కూర్చున్నారు. తెల్లటి మీసాలు, పక్కన చేతికర్ర. ఆయన భార్య మాకు మజ్జిగ ఇచ్చి, అత్తమ్మను "రా వదినా" అని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇట్ల రామ్మా. చేతులు కట్టుకుని నిలబడు" అన్నారు మాస్టారు. పిల్ల చేతులు కట్టుకుంది. "పదమూడో ఎక్కం."

పిల్ల నోరు తెరిచింది, మూసింది. పదమూడొకట్ల పదమూడు అంది. పదమూడు రెళ్ళు దగ్గర కళ్ళు తేలేసింది. చేతులు కట్టేసుకుని ఎక్కం చెప్పమని ఇంతవరకు దాన్ని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. నంద్యాల రైలు కూత నా చెవుల్లో వినిపించింది.

"రాదామ్మా?" అన్నారు మాస్టారు.

అంతలో మాస్టారి చూపు పక్కకు తిరిగింది. గోడవార కూర్చున్న మా అత్తమ్మ కుడిచెయ్యి గాలిలో గుండ్రంగా తిరుగుతోంది.

"ఏందమ్మా అది? సైగలా?"

"సైగలు ఎందుకు చేస్తానన్నా! చేతులు కట్టేసి చెప్పమంటే అది ఎట్ల చెప్తది? దానికి తిరగలి కావాల" అంది అత్తమ్మ.

సంగతంతా నేను చెప్పవలసి వచ్చింది. మా ఆయన తల దించుకున్నారు. ఎక్కాలు తిరగలితో నేర్పిన సంగతి ఆయనకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మాస్టారు చేతికర్ర నేలకు తాటించినారు. "బడిలో తిరగలి ఉండదు కదమ్మా!"

"బెత్తం ఉంటుంది కదండీ. బెత్తాన్ని చూస్తే వచ్చే ఎక్కాలు చదువైనప్పుడు, తిరగలిని చూస్తే వచ్చేవి ఎందుకు కావు?"

ఆయన మా ఆయన వైపు తిరిగి, "ఈమెతో రోజూ ఎట్ల వేగుతున్నావురా?" అన్నారు.

"క్యాంపులకు పోతుంటాను మాస్టారూ" అన్నారు మా ఆయన.

ఈలోగా మాస్టారి భార్య లేచి నిలబడింది. "మీ వాదన తర్వాత. నా కందులు ఎండి సిద్ధంగా ఉన్నాయి. మనుషులు దొరక్క పప్పు చేయించడానికి చస్తున్నాను. పరీక్షేదో అక్కడ పెట్టండి" అని తిరగలి ముందు చాప పరిచింది.

అత్తమ్మ అటు కూర్చుంది, పిల్ల ఇటు. అవ్వ నోరు విప్పకూడదని మాస్టారి షరతు. అత్తమ్మ చీర చెరగు పళ్ళ మధ్య పెట్టుకుంది. రాయి తిరిగింది. పదమూడో ఎక్కం గడగడా వచ్చింది. పద్నాలుగు, పదిహేను వచ్చినాయి. పదులు అనగానే అత్తమ్మ గుప్పెడు పోస్తోంది, కందులు బద్దలై చుట్టూ రాలుతున్నాయి. మాస్టారి పాదం తాళం వేస్తోంది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడే ఆయన కర్ర ఎత్తినారు. "ఆగు. వరస లేకుండా అడుగుతాను. పదిహేడు ఎనిమిదులు ఎంత?"

పిల్ల పదిహేడొకట్ల నుంచి అందుకుంది. "అట్ల కాదు. ఎనిమిది తిప్పులు తిప్పితే గానీ జవాబు రాదంటే అది పాట అవుతుంది గానీ లెక్క కాదు. సూటిగా చెప్పు" అన్నారు.

ఆ మాట సబబైన మాట. నాకే నచ్చింది, అందుకే ఎక్కువ భయమేసింది. నేను ఎప్పుడూ సూటిగా అడగలేదు. పిల్ల రాయిని ఆపింది. పిడి వంక చూసింది. తర్వాత మెల్లగా రాయిని వెనక్కి తిప్పింది. ఒక తిప్పు, ఇంకో తిప్పు.

అత్తమ్మ నోట్లోంచి చెరగు జారిపోయింది. "వెనక్కి తిప్పుతావేందే! తిరగలిని వెనక్కి తిప్పుతారా ఎక్కడన్నా!"

"నూట ముప్పైయారు" అంది పిల్ల.

మాస్టారు ముందుకు వంగినారు. "ఎట్ల వచ్చింది?"

"పదులు నూటడెబ్బై కదా తాతా. ఎనిమిదికి రెండు తిప్పులు ఎక్కువ పోయినట్టు. వెనక్కి తిప్పేస్తే సరి."

"ఎవరు నేర్పినారు?"

పిల్ల నా వంక చూసింది, అవ్వ వంక చూసింది. "ఎవరూ నేర్పలేదు. అమ్మేమో చెప్పలేదు. అవ్వేమో చూసినావుగా, తిడుతోంది."

మాస్టారు ఇంకా కొన్ని అడిగినారు. పిల్ల కొన్నిటికి ముందుకు తిప్పింది, కొన్నిటికి వెనక్కి తిప్పింది, చివరికి వచ్చేసరికి పిడి మీద చెయ్యి ఊరికే పెట్టుకుని చెప్పింది. కందులు అయిపోయినాయి. మాస్టారి భార్య చేటతో పొట్టు చెరుగుతూ, "ఈ పరీక్ష నెలనెలా పెట్టరాదా?" అంది.

మాస్టారు మా ఆయన్ని పిలిచినారు. ముఖం గంభీరంగా పెట్టినారు. "ఒరే, నంద్యాలలో బడి మంచిదే. పిల్లను పంపదలుచుకుంటే పంపు. కానీ తిరగలిని కూడా పంపు. తిరగలికి ఎదురుగా కూర్చునే ఈ అవ్వను కూడా పంపు. వాదించడానికి వాళ్ళమ్మను పంపు. అంత ఖర్చు పెట్టుకునే బదులు వాళ్ళున్న చోటే చదువుకోనీరాదా?"

మా ఆయన నవ్వి అత్తమ్మ వంక చూసినారు. నంద్యాల మాట ఎత్తింది ఆమే కదా. ఆమె కాదంటే మళ్ళీ మొదటికొస్తుంది.

అత్తమ్మ చేతులకంటిన పొట్టు దులుపుకుంది. "నంద్యాలకా? మా కూతురింట్లో తిరగలి ఎక్కడుంది? వాళ్ళు పిండి మరకు పంపుతారు. పిల్ల అక్కడికి పోయి ఏం నేర్చుకుంటది!" అంది. నంద్యాల మాట ఏదో నేను ఎత్తినట్టు, నన్ను తాను ఓడించినట్టు, నా వంక ఒక చూపు చూసింది.

మంచి జవాబు ఒకటి నోటిదాకా వచ్చినా మింగేసినాను. అట్లాంటివి కూడా నా జీవితంలో తక్కువే.

తిరుగు రైల్లో పిల్ల కిటికీ దగ్గర కూర్చుని అవ్వ ఒళ్ళో కాళ్ళు చాపి నిద్రపోయింది. మాస్టారు దానికి మంచి మార్కాపురం పలక ఒకటి బహుమానం ఇచ్చినారు. ఆ పలక చాలాకాలం మా ఇంట్లో మజ్జిగ కుండ మీద మూతగా ఉండింది. కంభం దాటినాక అత్తమ్మ చుట్టూ చూసి, మా ఆయన కునుకు తీస్తున్నారని రూఢి చేసుకుని, నా వైపు వంగింది.

"ఏమ్మే, ఇరవయ్యో ఎక్కం తర్వాత ఇంక లేవా?"

"ఎందుకు లేవు అత్తమ్మా. ఎన్నైనా ఉన్నాయి."

"ఉన్నాయా? మంచిదే. రేపటికి సజ్జలు ఉన్నాయి" అని, పిల్ల పాదాల మీద కొంగు కప్పింది.