పద్నాలుగో డిమాండు

డ్యూటీ ఎక్కే ముందు నేను నీళ్ళు తాగేదాన్ని కాదు. కదిరి నుంచి చిలమత్తూరుకు, మళ్ళీ వెనక్కి, ఎండకు బస్సు రేకులు కాలిపోతున్నా నా సీసాలో నీళ్ళు డ్రైవరన్నకే పోయేవి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా డిపోలో ఆడ కండక్టర్లం ముగ్గురమే. మగవాళ్ళకు డిపోలో ఒక మరుగుదొడ్డి ఉండేది, అది కాకుంటే దారి పొడుగునా కంపచెట్లు ఉండేవి. మాకు రెండూ లేవు.

మూడోసారి మూత్రంలో మంట పట్టుకున్నప్పుడు డాక్టరమ్మ కోప్పడింది. నీళ్ళన్నా తాగమంది, ఉద్యోగమన్నా మానుకోమంది. మానుకోవడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ ఖాకీ చొక్కా తొడుక్కుని వీధిలో నడుస్తుంటే నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

మా డ్రైవరన్నే యూనియన్ కార్యదర్శి. నడుం నొప్పి మనిషి, సీటులోంచి దిగాలంటే తలుపు కమ్మీ పట్టుకుని మూలిగేవాడు. మా ముగ్గురికీ మరుగుదొడ్డి కావాలని చెబితే వెంటనే సరేనన్నాడు. ఏటా మేనేజరుకిచ్చే వినతిపత్రంలో అది పద్నాలుగో డిమాండుగా ఎక్కింది. ఆ ఏడు రాలేదు. మరుసటేడు మళ్ళీ పద్నాలుగోదే, మళ్ళీ రాలేదు.

మూసిన తలుపు కనబడితే లోపల ఏముందో చూడందే నాకు అన్నం సయించదు. మూడో ఏడు చర్చలకు నన్నూ తీసుకుపొమ్మని అన్న వెంటపడ్డాను. నోరు మెదపకుండా కూర్చుంటానంటేనే ఒప్పుకున్నాడు.

లోపల నేను అనుకున్నంత భయంకరంగా ఏమీ లేదు. ఒక కూలరు, టీ గ్లాసులు, బిస్కెట్లు. మొదటి డిమాండు మీద అన్నా, మేనేజరూ బల్ల గుద్ది మరీ అరుచుకున్నారు, ఆ వెంటనే నవ్వుకుంటూ టీ తాగారు. చివర్లో మేనేజరు, మీరూ ఏదో ఒకటి తగ్గించుకోవాలి కదా అన్నాడు. అన్న ఆలోచించనైనా లేదు. పెన్ను తీసి పద్నాలుగోదాన్ని కొట్టేశాడు.

బయటికి రాగానే అడిగాను. దాచకుండా చెప్పాడు.

"అడుగునుండేది ఇడ్సిపెట్టేకే రాస్తామమ్మా. మనమేమీ ఇడ్సకపోతే ఆయప్ప మాత్రం ఏమిస్తాడు?"

ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళుగా నా బాధను వాళ్ళు బేరంలో కొసరుకింద వాడుకుంటున్నారన్నమాట. అంత కోపంలోనూ ఇంకో సందేహం పుట్టింది. మరి దేన్ని వదలరు అని అడిగాను.

"మొదటిది. దాన్ని ఇడిస్తే కార్మికుల ముందర మొగం యాడ పెట్టుకునేది?"

మరుసటేడు వినతిపత్రం సాపు రాసే పని నాకు పడింది, అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. మా డిమాండును మొదట రాసి, మిగిలినవాటిని ఒక్కో మెట్టు కిందికి దించాను. పాత జాబితానే కదా అని అన్న చదవకుండానే సంతకం పెట్టాడు.

ఆ ఏడూ చర్చలకు అన్న వెంట వెళ్ళాను. మేనేజరు జాబితాను పైకి చదివాడు. ఒకటి, మహిళా కండక్టర్లకు మరుగుదొడ్డి. అన్న నా వైపు చూశాడు. పొరపాటున రాశారని ఆయన ఒక్క మాట అంటే అంతటితో అయిపోయినట్టే. దీన్ని వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు మేనేజరు.

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "మొదటిది ఇడ్సేది లేదు సార్."

ఆ రోజు ఆయన గొంతు పోయేదాకా అరిచాడు. గెలిచాడు కూడా. చివర్లో తగ్గించుకునే వంతు వచ్చింది. అన్న పెన్ను తీసి, జాబితా అడుగున ఉన్నదాన్ని ఒక్క క్షణం చూసి కొట్టేశాడు. అదేమిటో నాకప్పుడు తట్టింది. డ్రైవర్ల సీట్లకు మెత్తలు. పోయినేటిదాకా పదమూడోది. దాన్ని అడుక్కి తోసింది నేనే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

నాలుగు నెలలకు డిపోలో మా మరుగుదొడ్డి గది లేచింది. ఆ ఉదయం డ్యూటీకి ముందు అలవాటుగా సీసా నింపి అన్నకు అందించాను. ఆయన కమ్మీ పట్టుకుని మూలుగుతూ సీటులో కూర్చుంటున్నాడు. సీసా తీసుకోలేదు.

"ముందు నువ్వు తాగమ్మా," అన్నాడు.