మర పక్కన పేర్చిన ఇటుకలు

వానలకు ముందు ఎత్తు మీద పెట్టాల్సిన ట్రాన్స్‌ఫార్మరును పెట్టాల్సినవాళ్ళు పెట్టలేదు. నీళ్ళొచ్చాయి, అది కాలిపోయింది, మా బావ పిండిమర మళ్ళీ తిరగలేదు. ఇన్నేళ్ళయినా ఈ సంగతి నాకు మింగుడుపడలేదు.

నిన్న మా వీధిలోకి మైకు కట్టిన బండి వచ్చి, బంగాళాఖాతంలో తుఫాను లేచిందనీ, కరెంటు తీగల దగ్గర ప్రజలు జాగ్రత్తగా ఉండాలనీ చెప్పి వెళ్ళింది. ప్రజలు జాగ్రత్తగానే ఉంటారు. తీగల జాగ్రత్త చూడాల్సింది ఎవరో మాత్రం ఆ మైకు చెప్పలేదు. అది విన్న దగ్గర్నుంచీ నాకు ఎనభై ఎనిమిదో సంవత్సరమే కళ్ళ ముందు తిరుగుతోంది.

అప్పుడూ మేము ఇక్కడే, బర్మాలోని పజుండౌంగ్‌లో, కాలువకు దగ్గరగా ఉండేవాళ్ళం. రేవులో మూటలు మోసి వాళ్ళ నాన్న సంపాదించిన కాస్త చోటులో మా బావ, అంటే మా అక్క భర్త, చిన్న మర పెట్టుకుని బియ్యం, మిరపకాయలు, పసుపు కొమ్ములు ఆడేవాడు. నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. పిండి పొట్లాలు కట్టే పాత బర్మా పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను గనుక ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఇంట్లో నాకే పడింది. తలుపులు బిడాయించుకుని కూర్చున్న దేశం అది. మన వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు, ఒక బల్బు పోతేనే బజారంతా గాలించాలి, ఇక ట్రాన్స్‌ఫార్మరు పోతే ఇంకొకటి ఏ ఓడలో దిగుతుంది? ఉన్నదాన్ని కాపాడుకోవాల్సిందే. ముందటేడు వానల్లో కాలువ పొంగి, నీళ్ళు ఆ ట్రాన్స్‌ఫార్మరు పెట్టె అడుగుకు జానెడు కిందకి వచ్చి ఆగాయి. దాని కింద దిమ్మె ఎత్తు పెంచితే తప్ప వచ్చే వానలకు నిలవదని ఆ రోజే వీధి వీధంతటికీ తెలిసిపోయింది.

కరెంటు ఆఫీసుకు వెళ్తే సామానూ మనుషులూ వార్డు ఇవ్వాలన్నారు. వార్డు కచేరీకి వెళ్తే, పెట్టె వాళ్ళదైనప్పుడు దిమ్మె మాదెలా అవుతుందన్నారు. చెప్పులరిగేలా తిరగ్గా చివరికి కుదిరింది ఏమిటంటే, ఇటుకలూ కాయకష్టమూ వీధివాళ్ళవి. కరెంటు ఆపి, గొలుసులతో పెట్టెను లేపించే మనిషి ఆఫీసువాడు. బావ మర ఆపుకుని నది అవతల ట్వంటే ఊరికి వెళ్ళి, బట్టీ దగ్గర ఇటుకలు పడవకెత్తించి తెచ్చాడు. తింజాన్ నీళ్ళ పండగ నాటికి అవి మర పక్కన నడుమెత్తున పేర్చి ఉన్నాయి.

ఆ మనిషి రాలేదు. నేను వెళ్ళినప్పుడల్లా వచ్చే వారమనేవారు. వానలు దిగాయి. పిండికి వచ్చిన ఆడవాళ్ళు ఆ ఇటుకల మీద గోనెపట్టా వేసుకుని కూర్చుని కబుర్లాడేవారు. మా అక్క నన్ను వదిలేది కాదు. "ఏట్రా, నీ ఆపీసోడు ఈ వానలకొస్తాడా, పైయేటి వానలకొస్తాడా? కాలవైతే ఎవుల్నీ అడక్కుండానే వచ్చేస్తాది," అనేది.

ఆగస్టులో సర్కారు దిగిపోవాలని ఊరంతా రోడ్డెక్కింది. ఆఫీసులు మూతపడ్డాయి. సైన్యం లారీలు రాకుండా వీధి మొగలో అడ్డు కట్టాలని మా వీధి కుర్రాళ్ళే వచ్చి ఇటుకలు అడిగారు. అవి దిమ్మె కోసమని నేను అడ్డుపడబోతే, బావ నన్ను పక్కకు జరిపి మొదటి తట్ట తానే ఎత్తుకున్నాడు. "కరెంటోడు రాకపోతే ఏటయింది బామ్మర్దీ, ఇటికలకి పనైతే దొరికింది," అని నవ్వాడు.

తరువాతి పున్నమి పోటుకు వాన తోడైంది. కాలువ వీధిలోకి వచ్చింది. పెట్టె ఒక్కసారి ఉరిమినట్టు మోగి, కాలిన నూనె కంపుతో ఆగిపోయింది. ఆ నూనె నీళ్ళ మీద తేలుతూ మర గుమ్మం దాకా వచ్చింది. సైన్యం పాలన వచ్చాక, వీధి మొగలోని ఇటుకలను లారీలకెత్తి తీసుకుపోయారు. బావ మాత్రం రోజూ మర తలుపు తీసి, కరెంటు వచ్చిన వెంటనే ఆడాలని బెల్టు తుడిచి, మర రాళ్ళకు గాట్లు పెట్టి, సాయంత్రం మళ్ళీ తలుపు వేసేవాడు. అది చూడలేకే నేను మళ్ళీ ఆఫీసు మెట్లెక్కాను.

ఇప్పుడు బావ లేడు. మర ఉన్నచోట ఫోన్ల దుకాణం ఉంది. ట్రాన్స్‌ఫార్మరు నిక్షేపంలా స్తంభం మీదకెక్కింది, కానీ రోజులో సగం సేపు అందులో కరెంటే ఉండదు. అయినా ఎవరూ ఎక్కడికీ వెళ్ళి అడగరు, నేనూ అడగను. అడిగే అలవాటు మా వీధికి ఉండేది. అది పోయిన చోటు మాత్రం నాకు బాగా గుర్తు. సైన్యం వచ్చాక కరెంటు ఆఫీసు కుర్చీలోకి కొత్తగా వచ్చిన అధికారి నన్ను కూర్చోబెట్టి, టీ పోయించి, నేను "సయా" అంటూ మర్యాదగా చెప్పుకొచ్చినదంతా ఓపిగ్గా విన్నాడు. ఇటుకలు మేము తెచ్చామనీ, మనిషి మీరు పంపలేదనీ, ఇక బాధ్యత ఎవరిదో మీరే చెప్పాలనీ అన్నాను. ఆయన నా పేరు, వీధి పేరు రాసుకుని, గొంతు ఏమాత్రం పెంచకుండా బర్మా భాషలో ఇలా అన్నాడు:

"ఇటుకలు మీరు తెచ్చారంటున్నారు, మంచిది. ఆ ఇటుకలు ఏమయ్యాయో ముందు మీరు చెప్పండి. బాధ్యత ఎవరిదో తరువాత నేను చెబుతాను."