స్వామికి చూపు చాలన్న చాచా

సోమవారం పొద్దున నేను ఎమ్మిగనూరు ఆఫీసులో కంప్యూటర్ తెరుస్తుండగా మేనేజర్ గారు ఆదోని నుంచి ఫోన్ చేశారు. "చాచా పోయినాడమ్మా. చాయ్ తాగి కుర్చీలో కూసున్నోడు మళ్లీ లేయలేదంట" అన్నారు. ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడే మనిషి గొంతు అంత మెత్తగా ఉండడం నేను అంతకుముందు వినలేదు. వెంటనే ఆదోని బస్సెక్కాను. దారిలో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చాచా పెట్టిన రూలొకటి గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. పక్కసీటామె నన్ను వింతగా చూసింది.

ఆ రూలు ఇది: "మనిషి మిల్లు నుంచి పోయిన రోజే కంప్యూటర్లో పేరు తీసేయాల. రిటైరైనా, అలిగి పోయినా, అల్లా దగ్గరికి పోయినా." మూడోది చెప్పినప్పుడల్లా మేం నవ్వేవాళ్లం. ఆ పని చేయడం చాచా నేర్పింది నా ఒక్కదానికే. అంటే ఆయన పేరు నేనే తీయాలి.

మా పత్తి మిల్లుకు ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఆఫీసులున్నాయి. రెండుచోట్లా తిరిగే మేనేజర్ ఒక్కరే; రెండుచోట్లా కంప్యూటర్లు చూసుకునేది చాచానే. అంతకుముందు ఆదోని బజారులో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. జనం వాటిని పక్కన పెట్టేశాక, ఎవరో పారేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చుకుని ఊడదీసి, మళ్లీ బిగించి, తనకు తానే నేర్చుకున్నాడు.

ప్రతి గురువారం బస్సులో మా దగ్గరికి వచ్చేవాడు. తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, రెండుసార్లు తట్టి, "చాచాని వచ్చినా, లోపలికి రావొచ్చా బేటీ?" అని అడిగేవాడు. మేనేజర్ గారికి ఇది నచ్చేది కాదు. ఆయన తలుపును భుజంతో తోసుకుని వచ్చే రకం. "నీ మొగం మాకు తెల్దా చాచా?" అని విసుక్కునేవారు. "మొగం చూసి తలుపు తీస్తే ఎట్ల సార్? పేరు అడగాల" అనేవాడు చాచా. తర్వాత ఆదోని నుంచి తెచ్చిన బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పేవాడు. మిరపకాయ బజ్జీలు అందరికీ పంచి, కారం తగ్గినది ఏరి నాకిచ్చేవాడు.

ఒక పత్తి సీజన్‌లో, మంచి పని మీద ఉండగా, ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "బేటీ, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు మెయిల్ పెట్టినారు. పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా లోపలికి రావొచ్చంట. ఆ ఇంటర్నెట్ నీలం వైరు పీకెయ్. ఇప్పుడే."

హొళగుంద నుంచి మాధవరం దాకా మాకు పత్తి తోలే రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అయినా ఫోన్ పెట్టేశాను. ఎవరైనా ఫోన్ చేసి ఫలానా పని చేయమంటే, పెట్టేసి మనమే తిరిగి చేయాలని ఆయనే నేర్పాడు మరి. తిరిగి చేస్తే అటువైపు ఒకటే నవ్వు. "శభాష్! నన్నే నమ్మలేదు సూడు! ఇంక పీకు."

పీకాను. ఐదు నిమిషాల్లో మేనేజర్ గారు తలుపు తోసుకుని వచ్చారు. మధ్యాహ్నానికల్లా ఓనర్లకు రిపోర్టు వెళ్లాలి. "ఎవర్నడిగి పీకినావు? నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?" అని నా మీద ఎగిరారు. చాచా బస్సు దిగి వచ్చేదాకా ఆ తిట్లన్నీ నేనే తిన్నాను. చాచా ఎప్పటిలాగే తలుపు తట్టి, పేరు చెప్పి, లోపలికొచ్చాడు.

"సార్, తాళం బాగనే ఉంది. పక్కన గోడే పడిపోయింది. గోడ కట్టేదాకా ఇల్లు మూసుకోవాల. రైతులు మనల్ని నమ్మి నంబర్లిచ్చినారు. రిపోర్టు ఈ పూటకి నోటితో సెప్పండి."

మేనేజర్ గారు గొణుక్కుంటూ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లారు. కంపెనీ పంపిన అప్‌డేట్‌ను చాచా వేరే కంప్యూటర్లో దించుకుని పెన్‌డ్రైవులో తెచ్చాడు. అది ఎక్కించాక, వైరు మళ్లీ పెట్టే ముందు, ఎవరెవరు లోపలికి వచ్చారో ఒక్కో వరుసా చదివించాడు. బయటివాళ్లెవరూ రాలేదు. హమ్మయ్య అనుకుని పేర్ల జాబితా తెరిచాను. అన్నిటికన్నా పైన, ఏదైనా రాయగల, ఏదైనా చెరపగల పూర్తి హక్కులతో, నేనెప్పుడూ గమనించని పేరొకటి ఉంది: శ్రీస్వామి.

దొంగ దొరికాడనుకున్నాను. మేనేజర్ గారి ముఖం పాలిపోయింది.

మూలన కూర్చున్న మా పెద్ద గుమాస్తా కళ్లద్దాలు సర్దుకుని, "అది నేను పెట్టించినా" అన్నాడు. కొత్త పుస్తకం మొదలుపెడితే మొదట దేవుడి పేరు రాస్తారు గదా. సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజున కూడా మొదటి పేరు స్వామిదే ఉండాలని ఆయన పట్టుబట్టాడట. మొదటి పేరుకు అన్ని హక్కులూ వాటంతటవే వచ్చేశాయి. పాస్‌వర్డ్ ఏమిటంటే, అదీ శ్రీస్వామే.

"దేవునికి తాళమేందప్పా?" అన్నాడు గుమాస్తా. తీసేస్తామంటే ఒప్పుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

చాచా నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు. "పెద్దాయనా, సామి మన మిల్లులో ఏం చేస్తాంటాడు?"

"అన్నీ సూస్తాంటాడు."

"రాసేది, కొట్టేసేది ఎవరు?"

"మనమే గదా."

"అట్లైతే సూసే హక్కు ఉంచుతా. రాసేది, కొట్టేసేది తీసేస్తాండా. తాళం మాత్రం గట్టిది వేస్తా. సామి ఏమనుకోడు."

గుమాస్తా స్క్రీనుకు దండం పెట్టి, "కానియ్" అన్నాడు. మొదట నవ్వింది మేనేజర్ గారే. ఆ రోజూ చాచా తెచ్చిన ఉగ్గాని చల్లారిపోయినా, అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

ఆ సోమవారం ఆదోనిలో చాచాను కడసారి సాగనంపి ఆఫీసుకు వచ్చిన సాయంత్రమే పేర్ల జాబితా తెరిచాను. తీసేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. వెనకాల నిలబడ్డ మేనేజర్ గారు, "సామి పక్కన ఉండనీయమ్మా. సూసే హక్కు ఒక్కటి ఉంచు" అన్నారు. ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

"చాచా ఒప్పుకోడు సార్. తిడతాడు."

"తిడతాడు" అని ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నేను 'అవును' నొక్కాను. కింది పేర్లన్నీ ఒక్కో వరుస పైకి జరిగాయి.

గురువారం ఆదోని బస్సు వచ్చే వేళకు తలుపు రెండుసార్లు చప్పుడైంది. తల తిప్పి చూశాను. తలుపు తెరిచే ఉంది. గడప అవతల మేనేజర్ గారు, చేతిలో ఉగ్గాని పొట్లంతో నిలబడి ఉన్నారు.

"మేనేజర్‌ని వచ్చినా. లోపలికి రావొచ్చామ్మా?"